నూట ఇరవై ఐదు దగ్గర ఆగిన ముల్లు

2024 జనవరి ఆఖరు. తాండూరులో రైల్వే గేటుకు కాస్త ఇవతల మా లేత్ షాపు. ముప్పై ఏళ్లుగా అది అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. అరిగిన సిలిండర్లను లోపల చెక్కి బోరింగ్ చేయడం, హెడ్డు చదును చేయడం, వాల్వులు సరిగ్గా కూర్చోబెట్టడం నా పని. లారీ అయినా, ట్రాక్టర్ అయినా, ఆటో అయినా, ఇంజన్ ముసలిదైతే ఒకనాటికి నా బల్ల మీదికి రావాల్సిందే. పాత బండి కొనేవాళ్లను "విఠల్ ఉస్తాద్ చూసిండా?" అని అడగడం ఈ చుట్టుపక్కల ఒక రివాజు. బండి విషయంలో ఇద్దరి మధ్య పేచీ వస్తే పెద్దమనుషుల దగ్గరికి పోయే ముందు నా దగ్గరికి వస్తారు. నేను గేజ్ పెట్టి చూస్తాను, ఒక మాట చెబుతాను, పేచీ తెగిపోతుంది. ఆ రివాజే నా నెత్తికెక్కింది.

ఆ రోజు కొడంగల్ నుంచి అంజిరెడ్డి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. కంది వేస్తాడు, తీరిక దొరికితే కారు కిరాయికి తోలుతాడు. దసరాకు తన బావ దగ్గర పాత హైబ్రిడ్ కారు కొన్నాడు. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు ఒక పెద్ద బ్యాటరీ, ఒక మోటారు కూడా ఉండే బండి. ఇంజనూ మోటారూ పని పంచుకుంటాయి కాబట్టి పెట్రోల్ తక్కువ తాగుతుంది. బావ పేరు మోహన్ రెడ్డి, వికారాబాద్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్. అంజిరెడ్డి అక్క సుగుణ ఆయన భార్య.

"ఉస్తాద్, లీటరుకు ఇరవై రెండు ఇచ్చే బండి పదిహేను ఇస్తున్నది. ఇంజన్ దమ్ము పోయినట్టుంది, జర చూడు" అన్నాడు.

"ఎప్పటి సంది?"

"నెల, నెలన్నర సంది."

"ఏమన్న సప్పుడు వస్తున్నదా పటేలా?"

"ఇంజన్‌ల ఏం లేదు. వెనక సీటు దిక్కు నుంచి గుయ్యిమని ఏదో ఫ్యాన్ తిరుగుతది. ఏసీ కావచ్చు అనుకోని పాటలు పెద్దగ పెట్టుకుంటున్న."

ఈ ఆఖరు మాట నా చెవిలో పడింది కానీ తలలోకి పోలేదు. బండికి జబ్బేమిటో అది తానే చెబుతుంటే దాని మీద పాటలు పెట్టుకునేవాడు ఒకడు, విని వదిలేసేవాడు ఇంకొకడు. ఇద్దరికి ఇద్దరం సరిపోయాం.

నేను నేరుగా కంప్రెషన్ గేజ్ తీశాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్ నిండా గాలి, పెట్రోలు వచ్చి చేరతాయి. పిస్టన్ పైకి వచ్చి ఆ మొత్తాన్ని చిన్న జాగాలోకి అదుముతుంది. అది కంప్రెషన్. ఎన్ని వంతుల జాగాను ఒక వంతులోకి అదిమింది అన్న లెక్క కంప్రెషన్ రేషియో. ఎంత గట్టిగా అదిమితే మంట అంత బలంగా అంటుకుంటుంది, ఇంజన్ అంత బాగా లాగుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో గేజ్ బిగించి ఇంజన్ తిప్పితే ఆ అదుము ఎంత ఉందో ముల్లు చూపిస్తుంది. మామూలు పెట్రోలు కారు బాగుంటే నా గేజ్ మీద నూట డెబ్బై దాటుతుంది. సిలిండర్, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోతే గాలి సందుల్లోంచి జారిపోయి ముల్లు కిందే ఆగిపోతుంది.

ఆ బండి ఇంజన్ తిప్పడమే ఒక ప్రహసనం. మామూలు స్టార్టర్ దానికి లేదు. నారింజ రంగు వైర్లు ముట్టుకుంటే ప్రాణం పోతుందని మూత మీద బొమ్మ వేసి మరీ రాశారు. అంజిరెడ్డి ఫోనులో ఏదో వీడియో పెట్టి, గేరు ఇక్కడ ఉన్నప్పుడు పెడల్ రెండుసార్లు తొక్కాలి, అక్కడికి మార్చి రెండుసార్లు తొక్కాలి, మళ్లీ ఇక్కడికి తెచ్చి రెండుసార్లు తొక్కాలి అని చదువుతుంటే, నేను డ్రైవర్ సీట్లో కూర్చొని ఆ కాలి ఆట అంతా ఆడాను. మూడోసారికి తిరిగింది. మొదటి సిలిండర్ నూట ఇరవై ఐదు. రెండోది నూట ఇరవై ఐదు. మూడు, నాలుగు కూడా అంతే.

నాలుగింటికీ ఒకే అంకె రావడమే నన్ను ఆపి ఉండాల్సింది. అరుగుదల ఎప్పుడూ సమానంగా రాదు. ఒకటి ఎక్కువ అరుగుతుంది, ఒకటి తక్కువ. నాలుగు సిలిండర్లు మాట్లాడుకొని ఒక్కసారిగా ముసలివైపోవు. ఈ మాట నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు నేనే వందసార్లు చెప్పి ఉంటాను. ఆ రోజు నాకు నేను చెప్పుకోలేదు.

"ఇంజన్ అయిపోయింది పటేలా. బోరింగ్ జెయ్యాలె, పిస్టన్లు మార్వాలె" అన్నాను.

అంజిరెడ్డి అక్కడే బావకు ఫోన్ చేసి మర్నాడు రమ్మన్నాడు. మోహన్ రెడ్డి పొద్దున రైలుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నెమ్మదైన మనిషి. షాపులో అప్పటికే ఇద్దరు లారీ ఓనర్లు, ఒక ట్రాక్టర్ రైతు కూర్చొని ఉన్నారు. పంచాయితీ అంటే మా ఊళ్లో ఎవరూ లేచిపోరు. పని ఉన్నవాడు కూడా చాయ్ ఇంకోటి తెప్పించుకుంటాడు.

అందరి ముందు మళ్లీ గేజ్ పెట్టి చూపించాను. ముల్లు మళ్లీ నూట ఇరవై ఐదు దగ్గరే ఆగింది.

"నాకు ఇవన్నీ తెలియవు విఠల్ గారూ. నా దగ్గర ఉన్నప్పుడు బండి బాగనే ఉండె. సర్వీస్ పుస్తకం ముందు డబ్బాల ఉన్నది, చూడండి. ఒక్క సర్వీసు కూడ తప్పించలే" అన్నాడాయన.

పుస్తకం చూడొచ్చు. నేను చూడలేదు. ముల్లు కళ్ల ముందు ఉండగా పుస్తకం ఎందుకు అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారింది.

"సార్, లక్ష కిలోమీటర్లు తోలినాయనకు తెల్వకుంటే ఇంకెవలకు తెలుస్తది? సొంత బామ్మర్ది ఏం అడగడని అంటగట్టిండ్రు. గట్లనే చెప్పుండ్రి, పోతది" అన్నాను.

ఆయన నా వైపు కాదు, అంజిరెడ్డి వైపు చూశాడు. అంజిరెడ్డి తల దించుకొని నేల మీది ఆయిల్ మరకను చూస్తున్నాడు. "నువ్వు కూడ గంతేనా అంజీ?" అని అడిగాడు.  "బండి నాకు ఇచ్చెయ్యి. నీ పైసలు నీకు ఇస్త" అన్నాడు. "బండి వద్దు, నీ మాట వద్దు" అన్నాడు అంజిరెడ్డి. ఆ మాటకు ఆయన మెట్లు దిగి స్టేషన్ వైపు నడిచిపోయాడు. వచ్చేటప్పుడు ఎండకని తెచ్చుకున్న గొడుగు నా బల్ల దగ్గరే మరిచిపోయాడు.

పావుగంటకు సుగుణ నుంచి ఫోన్ వచ్చింది. అంజిరెడ్డి స్పీకర్ పెట్టలేదు, కానీ ఆమె ఏడుపు నాకు వినబడింది. వాళ్లు వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు. మాఘమాసంలో గృహప్రవేశం, ఇంకా పద్దెనిమిది రోజులు కూడా లేవు. ఆ రోజు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఆడబిడ్డ ఒడిలో పోయాలి. ఒడి బియ్యం లేకుండా కొత్తింట్లో అడుగుపెట్టడం అంటే పుట్టిల్లు ఉండీ లేనట్టే. తల్లిదండ్రులు పోయారు. ఉన్నది ఈ తమ్ముడొక్కడే.

"ఒడి బియ్యం ఎవరితో పోయించుకుంటవో పోయించుకో అక్కా. బావ నన్ను ముంచిండు. నేను ఆ గడప తొక్క" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు అప్పుడైనా గుండెల్లో గుచ్చుకోవాలి. నిజం చెబుతున్నాను, గుచ్చుకోలేదు. న్యాయం చెప్పాను కదా అనుకున్నాను.

తర్వాత అంజిరెడ్డి ఇంకో చోద్యం మొదలుపెట్టాడు. బోరింగ్ వద్దట, హెడ్డు గీకమన్నాడు. హెడ్డు అంటే సిలిండర్ల పైమూత. దాని అడుగు భాగాన్ని మిషన్ మీద పలచగా చెక్కితే పైన జాగా తగ్గుతుంది, అదుము పెరుగుతుంది. పాత ఆటోలకు అలా చేసి మైలేజీ ఒకటో రెండో పెంచిన మాట నిజమే. అందుకే ఊరంతా హెడ్డు గీకడాన్ని సర్వరోగ నివారిణి చేసి పెట్టుకున్నారు. తలనొప్పికి కూడా గీకమనేలా ఉన్నారు.

"అర మిల్లీమీటర్ గీకు ఉస్తాద్. ముల్లు నూట డెబ్బైకి వస్తది, మైలేజ్ అదే వస్తది" అన్నాడు.

"నీకు కంది ఏసుడు నేను చెప్తనా పటేలా? ఇంజన్ ముచ్చట నాకిడ్సిపెట్టు" అని కసిరి పంపాను. కానీ మనసులో రేపు ముందు హెడ్డే విప్పుదాం అనుకున్నాను.

మర్నాడు బోల్టులకు పానా పెట్టబోయే ముందు, చేయాల్సిన పని ఒకటి చేయలేదని గుర్తొచ్చింది. ప్లగ్ రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టాలి. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందు మూసేస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. లేవకపోతే రింగులు బాగున్నట్టు. ఈ పరీక్ష చేశాకే బోరింగ్ మాట ఎత్తాలి. నేను అందరి ముందు తీర్పు చెప్పి, రాత్రి నిద్రపోయి, పొద్దున పరీక్ష చేస్తున్నాను. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు.

ఆయిల్ పోశాను. కాలి ఆట ఆడాను. ముల్లు నూట ముప్పైకి కూడా రాలేదు. రింగులు భేషుగ్గా ఉన్నాయి.

అయితే వాల్వుల దగ్గర గాలి కారుతోందేమో. బండి కరెంటు తీసేసి, పై కవరు విప్పి, ఇంజన్‌ను పానాతో చేత్తో తిప్పాను. ప్లగ్ రంధ్రంలో సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెడితే పిస్టన్ పైకి వచ్చేకొద్దీ అది కూడా లేస్తుంది. గాలి లోపలికి వచ్చే తలుపు ఇంటేక్ వాల్వు. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి బయలుదేరిన కాసేపటికే అది మూసుకోవాలి. ఇక్కడ గొట్టం పైకి లేస్తోంది, దాదాపు మూడో వంతు లేచింది, వాల్వు ఇంకా తెరిచే ఉంది! తలుపు తెరిచి పెట్టి గదిలో గాలి అదుముతున్నట్టుంది వ్యవహారం. వాల్వులను వేళకు తెరిచి మూయించే టైమింగ్ చైన్ ఒక పన్ను జారిందనుకున్నాను. గుర్తులు చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. పానా బల్ల మీద విసిరికొట్టాను. ఇంత పనికిమాలిన ఇంజన్ చేసినవాడెవడో వాణ్ని తాండూరు తీసుకురావాలి, నాలుగు మాటలు అడగాలి అనిపించింది.

చివరికి గౌస్‌కు ఫోన్ చేశాను. గౌస్ వికారాబాద్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాడు. అంతకు ముందు హైదరాబాద్‌లో హైబ్రిడ్ బండ్ల షెడ్డులో ఏడేళ్లు పని చేసి వచ్చాడు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు. అతన్ని ముందే ఎందుకు అడగలేదు అంటే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నేను. అంతకు మించి కారణం లేదు.

మధ్యాహ్నానికి ధారూర్ మీదుగా బైకు మీద వచ్చాడు. నేను గేజ్ లెక్క చెప్పాను. వాల్వు సంగతి చెప్పాను. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"భాయ్, అది ఖరాబ్ కాలేదు. దాన్ని గట్లనే తయారు జేసిన్రు."

"తలుపు తెరిచి పెట్టి అదుమమన్నరా?"

"ఆఁ. పీల్చిన గాలిల కొంత వెనక్కి పంపుతది. మిగిలినదాన్నే అదుముతది. అందుకే నీ గేజ్ తక్కువ సూపిస్తది. కానీ కాలినంక పిస్టన్ మొత్తం కిందికి పోయేదాక తోస్తది. అదిమేటిది తక్కువ, తోసేటిది ఎక్కువ. ఒకటి కంప్రెషన్, ఇంకోటి ఎక్స్‌పాన్షన్."

నాకు మొదట మింగుడు పడలేదు. గౌస్ వీధి చివర చెరుకు రసం బండి చూపించాడు. "చెరుకును మిషన్‌ల ఒక్కసారే తిప్పి పిప్పి పారేస్తే రసం సగం దాంట్లనే పోతది గదా భాయ్? ఆయన చూడు, మడతపెట్టి మళ్ల తిప్పుతడు."

అప్పుడు వెలిగింది. మామూలు ఇంజన్‌లో మంట పిస్టన్‌ను కిందికి తోసి, ఇంకా బలం మిగిలి ఉండగానే బయటికి పోయే తలుపు తెరుచుకుంటుంది. సైలెన్సర్ లేని బండి అంత గట్టిగా మొరిగేది అందుకే. ఆ మొరుగంతా మనం డబ్బిచ్చి కొన్న పెట్రోలు బలమే. ఈ ఇంజన్ పెట్రోలూ గాలీ కొంచెం తక్కువ తీసుకుంటుంది, కానీ మండినదాన్ని చివరిదాకా పిండుకుంటుంది. అందువల్ల లాగుడు కాస్త తగ్గుతుంది. ఆ లోటు బ్యాటరీ మోటారు తీరుస్తుంది. ఇంత అందమైన పనితనాన్ని నేను పనికిమాలిన ఇంజన్ అన్నాను.

"మరి హెడ్డు గీకితే?" అని అడిగాను.

"తౌబా! దాంట్ల అదుముడు రేషియో కాగితం మీద ఇప్పటికే పదమూడు ఉంది. ఇంకా గీకితే పెట్రోల్ టైమ్ కంటే ముందే అంటుకొని టకటక కొడతది, వాల్వులు పోయి పిస్టన్‌కు తాకుతయి. కొత్త ఇంజన్ అసోంటిది పాత ఇనుము కింద కబాడీకి పోతుండె."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయ్యేది. గౌస్ తన ఫోనులో కంపెనీ లెక్క తీసి చూపించాడు. ఈ ఇంజన్‌కు నూట పాతిక దగ్గర ఉంటే బాగున్నట్టే. వంద కన్నా కింద ఉంటేనే పని చెప్పాలి. నా చేతిలో ఉన్న అంకె ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అంకె. ఆ అంకెతోనే నేను ఒక మనిషిని దొంగను చేశాను.

"నా గేజ్ తప్పు సూపలేదు మరి" అన్నాను, ఏదో ఒకటి దక్కించుకుందామని.

"గేజ్ ఎందుకు తప్పు సూపిస్తది భాయ్? అది అదుముడు ఒక్కటే సూపిస్తది. తోసుడు దానికి కనవడది. కనవడనిది లేదనుకున్నది నువ్వు."

మరి మైలేజీ ఎందుకు పడింది? గౌస్ ఆ ప్రశ్న అడక్కుండానే వెనక సీటు దగ్గరికి పోయాడు. సీటు పక్కన బ్యాటరీకి చల్లగాలి పీల్చుకునే సందు ఉంటుంది. అంజిరెడ్డి బండి కొన్న వారానికే మోజు పడి మందపాటి రెగ్జిన్ సీటు కవర్లు కుట్టించాడు. ఆ కవరు సందు మీద సగం దాకా లాగి కట్టి ఉంది. మిగతా సగానికి ఆనుకొని రెండు కంది బస్తాలు. కొత్త పంట కదా, మార్కెట్‌కు వచ్చినప్పుడల్లా రెండు బస్తాలు వెనక వేసుకొచ్చేవాడట, ఒట్టి బండి ఎందుకు తేవాలని. లోపలి జల్లెడ విప్పితే కంది పొట్టు, నాపరాయి దుమ్ము కలిసి రొట్టెలా గడ్డకట్టి ఉన్నాయి. గాలి ఆడక బ్యాటరీ వేడెక్కింది. వేడెక్కితే అది పని తగ్గించుకుంటుంది. మోటారు చేయాల్సిన పని కూడా ఇంజన్ మీదే పడి పెట్రోలు తాగింది. గుయ్యిమన్నది ఆ ఫ్యానే. పాపం నెలన్నరగా మొత్తుకుంటోంది.

దుమ్ము ఊది, జల్లెడ కడిగి ఆరబెట్టి, ఆ సందు దగ్గర సీటు కవరు కత్తిరించి, అన్నీ తిరిగి బిగించే సరికి సాయంత్రమైంది. గౌస్‌ను పక్కన కూర్చోబెట్టుకొని బండిని కరణ్‌కోట దాకా పోనిచ్చి తెచ్చాను. లీటరుకు ఇరవై మూడు చూపించింది.

అంజిరెడ్డిని పిలిచి అంతా చెప్పాను. సంతోషిస్తాడనుకుంటే కోపం వచ్చింది.

"నిన్న అందరి ముంగట గట్ల చెప్తివి, ఇయ్యాల గిట్ల చెప్తున్నవు. ఏది నమ్మాలె?"

"ఇయ్యాలటిది నమ్ము. మీ అక్కకు ఫోన్ జెయ్యి."

"ఎట్ల జెయ్యాలె? గడప తొక్క అన్న. ఒకసారి అన్నంక అన్నదే."

నా ఓపిక అక్కడ తెగింది. "నీ తాన పౌరుషం గంత ఉంటే సీటు కవరు కుట్టించినప్పుడు జరంత తెలివి కూడ కుట్టించుకోవాల్సింది. నేను అన్న మాటకు నేను పోయి సార్ కాళ్ల మీద పడ్త. నువ్వు అన్నదానికి ఏం జేస్తవో నువ్వు సూస్కో" అని అరిచాను. అరిచింది అతని మీద కాదని నాకు తెలుసు. అతను తాళం చెవి తీసుకొని వెళ్లిపోయాడు.

పద్నాలుగు రోజులు ఏ కబురూ లేదు. మోహన్ రెడ్డికి నేను మూడుసార్లు ఫోన్ చేశాను, ఆయన ఎత్తలేదు. ఆ రెండు వారాలు షాపులో ఎవరి మీద పడితే వారి మీద విసుక్కున్నాను. గేజ్ తీసిన ప్రతిసారీ చేయి వెనక్కి లాగేది. గృహప్రవేశానికి ముందు రోజు సాయంత్రం అంజిరెడ్డి ఫోన్ చేశాడు. "రేపు పొద్దుగాల నువ్వు కూడ రావాలె ఉస్తాద్. నా ఒక్కని ముఖం చూస్తే బావ తలుపేస్తడు" అన్నాడు. 

తెల్లారి, సార్ మరిచిపోయిన గొడుగు కూడా తీసుకొని, అదే బండిలో బయలుదేరాం. అంజిరెడ్డి భార్య పసుపు బియ్యం మూట ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చుంది, ఆ సందుకు అడ్డం రాకుండా జరిగి. 

కొత్తింటి ముందు షామియానా వేశారు, బంధువులు నిండుగా ఉన్నారు. సుగుణ పట్టుచీర కట్టుకొని వరండాలో నిలబడి ఉంది. పురోహితుడు తొందర పెడుతున్నాడు. ఒడి బియ్యానికి పక్కింటి ఆమె ఎవరినో పిలిచినట్టున్నారు, ఆమె పళ్లెం పట్టుకొని సిద్ధంగా ఉంది. మమ్మల్ని చూసి సుగుణ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కదల్లేదు. మోహన్ రెడ్డి కూడా కదల్లేదు.

నేను మెట్ల కింద నుంచే, అందరికీ వినబడేట్టు చెప్పాను. "సార్, బండి బాగుంది. ఆ రోజు కూడ బాగనే ఉంది. ఇంజన్ సంగతి నాకు తెల్వక తప్పు చెప్పిన. పది మంది ముంగట అన్న, ఇప్పుడు పది మంది ముంగట చెప్తున్న. నన్ను మాఫ్ చెయ్యిండ్రి."

 ఆయన నాతో కాదు, అంజిరెడ్డితో అన్నాడు. "ఉస్తాద్‌కు నేను ఎవరినో తెల్వదు. నీకు తెలుసు గదా అంజీ. పదహారేండ్ల సంది తెలుసు. 'బావా, నిజమేనా' అని ఒక్క మాట ఎందుకు అడగలేదు?"

అంజిరెడ్డి ఏడ్చేశాడు. అంత మనిషి, షామియానా కింద, అందరి ముందు. మోహన్ రెడ్డి వచ్చి అతని భుజం పట్టుకొని లోపలికి తీసుకుపోయాడు. ఒడి బియ్యం పోశారు. ఆ పక్కింటి ఆమె పళ్లెం కింద పెట్టి తానూ కళ్లు తుడుచుకుంది.

భోజనాల దగ్గర సుగుణ నాకు స్వయంగా వడ్డించింది. గిన్నె కింద పెట్టి, ఎదురుగా నిలబడి మెల్లగా అడిగింది.

"అన్నా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. నీ ముల్లు నూట ఇరవై అయిదు అని చూపించింది. అది నువ్వు సమజ్ చేసుకోలేదు, పోనీ. మా ఆయన మోసం చేసిండని ఏ ముల్లు చూపించింది?"

 గౌస్ చెప్పిన కంప్రెషన్లు, ఎక్స్‌పాన్షన్లు ఏవీ ఆ ప్రశ్నకు అక్కరకు రాలేదు. వాల్వు లేటుగా మూసుకుంటుందని నాకు తెలియకపోవడం చదువు తక్కువ వల్ల. మనిషి మీద మాట వేయడం చదువు తక్కువ వల్ల కాదు. ఇన్నేళ్లుగా నన్ను అడిగారు కదా అని ఇంజన్ దగ్గర మొదలుపెట్టి మనుషుల దాకా పోవడం నాకు అలవాటైపోయింది. ఎన్ని ఇళ్లల్లో ఎన్ని మాటలు అలా అని ఉంటానో, ఎవరెవరు నిజంగా తెలియక అమ్మినవాళ్లో, ఇప్పుడు లెక్క తీయడం నా వల్ల కాదు. నాకు ఆమె మీద కోపం రాలేదు, చాలా సిగ్గేసింది.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. తెలియని ఇంజన్ వస్తే ముందు కంపెనీ లెక్క కనుక్కుంటాను, గౌస్‌కు ఫోన్ చేస్తాను, ఆయిల్ పోసి రెండో పరీక్ష చేస్తాను. చీటీ మీద నా అంకె, పక్కన కంపెనీ అంకె రాసి ఇస్తాను. జనానికి ఇది నచ్చదు. "గిది కాదు ఉస్తాద్, ఆయన తెలిసి అమ్మిండా, తెల్వక అమ్మిండా, అది చెప్పు" అని పట్టుబడతారు. అలా అడిగినప్పుడు నాకు ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. చీటీ చేతిలో పెట్టి, "ఇంజన్ సంగతి గిండ్ల రాసిన. ఆయన సంగతి ఆయన్నే అడుగు పో" అని పంపించేస్తాను.